మోవా గోడ మీది మంత్రం

బాగుపడాలని ఎవరైనా అనుకోవచ్చు. అనుకున్న సంగతి గోడ మీద రాసుకున్నవాణ్ణి మాత్రం ఇప్పటిదాకా ఒక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో. ఆ రాతవల్ల నా పరువు, మా సేఠ్‌జీ పరువు, మోవాలో ఒక గేదె పరువు ఒక్క ఏడాదిలో ఎలా గంగలో కలిశాయో చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా ఆవిడ అప్పుడు మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు, మీరు కొత్తగా చేరినంత మాత్రాన నాకు ఊడేదేమీ లేదు.

తొంభైల మొదట్లో మాట. ఛత్తీస్‌గఢ్ అప్పటికి వేరే రాష్ట్రం కాలేదు, మేమంతా మధ్యప్రదేశ్ కిందే ఉండేవాళ్ళం. మా కాపురం రాయపూర్ శివార్లలోని మోవాలో, ఉద్యోగం భన్‌పురిలో ఒక చిన్న మిల్లులో. పాత ఇనుమును కొలిమిలో కాల్చి చువ్వలుగా సాగదీసే మిల్లు అది. నా పేరు సూర్యనారాయణ. ఈ సంగతి మా ఆవిడకీ రేషన్ కార్డుకీ తప్ప ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు. రాయపూర్‌లో తెలుగువాడి పేరు ఏదైనా పిలుపు మాత్రం 'రావ్‌జీ'యే.

మిల్లులో నా పని లారీలు తూచడం. గేటు పక్కన కాటా, దాని పక్కన ఒక గది, గదిలో కుర్చీ, కుర్చీలో నేను. లారీ సరుకుతో వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీగా పోయేటప్పుడు ఒకసారి తూచి చీటీ రాయాలి. ఈ రెంటికీ మధ్య చాలా తీరిక దొరికేది. ఆ తీరికనంతా నేను నిద్రకి అంకితం చేశాను. నాది విజయనగరం కడుపు. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆవకాయ పడ్డాక రెప్పల్ని నిలబెట్టడానికి కొలిమి దగ్గరి క్రేను రావాల్సిందే. నాతోపాటు కాటా మీద ఇంకో గుమాస్తా ఉండేవాడు, తివారీ అని. నాలుగు రొట్టెలు తిని, ఒక మిరపకాయ కొరికి, సాయంత్రం దాకా నిటారుగా కూర్చునేవాడు. అలాంటి మనుషుల్ని పక్క కుర్చీలో పెట్టడం అన్నం తినేవాళ్ళమీద జరిగిన కుట్ర అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అంతలో సిల్తారాలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేచి మా బేరాలన్నీ లాక్కుపోయాయి. దీపావళి వెళ్ళాక కొలిమి ఆర్పేశారు. ఆ రోజు సేఠ్‌జీ మా ఇద్దర్నీ పిలిచాడు. సేఠ్‌జీ అంటే మిల్లు యజమాని. తెల్లటి పరుపు మీద, రెండు బాలీసుల మధ్య కూర్చుని వ్యాపారం చేసే మనిషి. ఆయన మాటలు, ఇక ముందు వచ్చే ఇరుగుపొరుగువాళ్ళ మాటలు హిందీలో అన్నవే. మీ కోసం తెలుగులోకి దించుతున్నాను, దారిలో కొంచెం ఉప్పూకారం పడితే క్షమించాలి.

"మిల్లు మళ్ళీ తెరుస్తాను. హోలీ తరవాత కావచ్చు. కానీ కాటా మీద ఇక ఒక్కడే ఉంటాడు" అన్నాడు.

"ఎవరు, సేఠ్‌జీ?" అన్నాను.

"తివారీ నిద్రపోడు" అన్నాడు సేఠ్‌జీ.

నేనేదో చెప్పబోయాను.

"నువ్వు నిద్రపోతావు రావ్. మొన్న నువ్వు లేచేదాకా ఆగలేక డ్రైవరే చీటీ రాసుకున్నాడు. అతని చేతిరాత నీకంటే బాగుంది. ఈ నాలుగు నెలల్లో మారి చూపించు. అప్పుడు ఆలోచిస్తాను."

ఇంటికొచ్చి ఆ మాట పార్వతికి చెప్పాను. పార్వతి అంటే మా ఆవిడ. ఆవిడ మర్నాటినుంచి వీధిలో వాళ్ళ చీరలకి ఫాల్స్ కుట్టడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ కుట్టడం, మంచం మీద కూర్చుని నేను చూడటం. కూరగాయలబ్బి రోజూ "ఆజ్ భీ ఛుట్టీ, రావ్‌జీ?" అని, ఇవాళ కూడా సెలవేనా అని, అడిగేవాడు. వాడు అడిగినప్పుడల్లా నాకు సిగ్గేసేది. సిగ్గేసినప్పుడల్లా పడుకునేవాణ్ణి.

ఈ దశలో నా చేతికి ఒక పుస్తకం దొరికింది. మా బావమరిది ఎప్పుడో రైల్లో కొని మా ఇంట్లో మరిచిపోయినది. మొదటి పేజీలు లేవు కనక రాసిన మహానుభావుడెవరో తెలీదు. చివరి పేజీలు లేవు కనక చదివినవాడు ఏమవుతాడో తెలీదు. మధ్యలో మాత్రం కష్టకాలంలో మనిషి తనని తాను ఎలా ఉద్ధరించుకోవాలో పూసగుచ్చినట్టు ఉంది. 'మీలోని శత్రువును కఠినమైన మాటలతో మందలించండి. ఆ మందలింపును రోజూ కంటబడే చోట పెద్ద అక్షరాలతో రాయండి. సూర్యోదయానికి ముందే స్నానం చేసి, దాని ఎదుట నిలబడి పదకొండుసార్లు బిగ్గరగా చదవండి.' ఇన్నాళ్ళూ నన్ను సేఠ్‌జీ తిడుతున్నాడు, డ్రైవర్లు తిడుతున్నారు. నన్ను నేను తిట్టుకుంటే ఇంత లాభం ఉందని ఒక్కడూ చెప్పలేదు.

జాజు కలిపి కుంచె ముంచేసరికి పార్వతి అడ్డొచ్చింది.

"ఏటది?"

"ఆత్మోన్నతి."

"మీ ఉన్నతి బయట సూసుకోండి. నోపల గోడలకి సున్నమేసి ఇంకా ఏడాది నిండనేదు."

"బయట రాస్తే వీధంతా చూడదూ?"

"సూస్తే? ఈ ఈదిలో తెలుగు సదివీవోలు ఎవులున్నారు?"

ఆ మాట నాకు దైవవాక్కులా వినిపించింది. నిజమే, ఆ వీధి మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే. నా బద్ధకాన్ని నలుగురి ఎదుటా నిలదీయవచ్చు, ఆ నలుగురికీ తెలియకుండా. ఇంత సౌకర్యం విజయనగరంలో ఉన్నవాడికి చచ్చినా దొరకదు. గేటు పక్క గోడ మీద, జానెడేసి అక్షరాలతో, ఎర్రగా, ఇలా రాశాను:

'ఒరేయ్ బద్ధకపు గాడిదా, లే. కూర్చుని తిన్నది చాలు. ఇకనైనా ఒళ్ళు వంచు.'

మర్నాడు తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకున్నాను. డిసెంబరు చలి. తడి తువ్వాలు కట్టుకుని, చేతులు జోడించుకుని గోడ ఎదుట నిలబడ్డాను. చేతులు జోడించడం భక్తి వల్ల కాదు, వణుకు ఆపడానికి. నోట్లోంచి ఆవిరి వస్తూండగా, దంతాలు కొట్టుకుంటూండగా, ఆ మూడు వాక్యాలూ పదకొండుసార్లు చదివాను. చలికి స్వరం దానంతటదే పైకీ కిందకీ పోయి ఒక రాగం కూడా వచ్చింది.

ఇది ఇప్పుడు మీరు గోడ అవతలినుంచి చూడండి. చీకటి విడీవిడని వేళ, తడిబట్టతో ఒక మనిషి, ఎర్రటి అక్షరాలు, గుండ్రగా, మెలికలు తిరిగి, చూసినవాడికి ఒక్కటీ బోధపడనివి, పదకొండుసార్లు పారాయణం. దీన్ని తిట్టు అని ఎవరనుకుంటారు?

మా పక్కింటి సహోద్రాబాయి అనుకోలేదు. ఆమెది మోవా పల్లెగా ఉన్ననాటినుంచీ అక్కడే ఉన్న పాత కుటుంబం, ఇంటి ముందు ఒక గేదె. ఆ గేదె పది రోజులుగా పాలు చేపడం లేదట. మూడో రోజు పొద్దున్న ఆమె గేదెను తోలుకుపోతూ నా పారాయణం విని, గేదెతో సహా ఆగి, అయ్యేదాకా నిలబడింది. ఆ సాయంత్రం గేదె పాలిచ్చింది. ఎందుకిచ్చిందో గేదెకి తెలియాలి. మర్నాడు సహోద్రాబాయి లోటాడు పాలతో వచ్చి గోడకి దణ్ణం పెట్టింది.

"రావ్‌జీ, మీ దేశం మంత్రం గట్టిది. ఒక కాగితం మీద రాసివ్వు, దీని మెడలో కడతాను."

ఇదిగో, సరిగ్గా ఇక్కడ నేను నిజం చెప్పి ఉండాల్సింది. 'తల్లీ, ఇది మంత్రం కాదు, నేను గాడిదనని నేనే రాసుకున్నాను' అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగు వారాలుగా నాతో 'ఆజ్ భీ ఛుట్టీ' తప్ప ఇంకోమాట ఎవరూ అనలేదు. ఆ రోజు ఒక పెద్దావిడ నా ఎదుట చేతులు జోడించి నిలబడింది. గుండె నిండిపోయింది, నిజం. నిండిన గుండెతో గంభీరంగా తలపంకించి కాగితం తెచ్చాను.

పార్వతి తలుపు చాటునుంచి చూస్తోంది. సహోద్రాబాయి వెళ్ళాక అడిగింది.

"ఏటి రాసినారు?"

"గోడమీదిదే. ఇంకేం రాస్తాను?"

"గేదె మెడలో గాడిదని కట్టినారా?"

"పాలు తీసుకో, కాఫీ పెట్టు" అన్నాను.

వారం తిరిగేసరికి మా గేటు దగ్గర మనుషులు మొదలయ్యారు. పంక్చర్లు వేసే షాపువాడు వచ్చాడు, బేరాలు లేవని. పదో తరగతి మూడోసారి రాస్తున్న కొడుకు కోసం ఒక తండ్రి వచ్చాడు. అందరికీ అదే రాసిచ్చాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే. ఆ తండ్రి చీటీని కొడుకు జేబులో పెట్టి తీసుకుపోతూంటే మాత్రం, ఈసారి సరైన చిరునామాకే చేరిందని నాకు తృప్తి కలిగింది. ఒకరి పని అయితే పదిమందికి తెలిసేది. కానివాళ్ళు నా దగ్గరికి రాలేదు కనక నా మంత్రానికి అపజయం లేదు. నా ఆత్మోన్నతి సంగతి అడుగుతారా? పొద్దున్న చన్నీళ్ళు, తరవాత జనం, అలసట. మధ్యాహ్నం ఒక గంట ఎక్కువ పడుకునేవాణ్ణి.

సహోద్రాబాయి కొడుకు భన్‌పురిలో లారీ నడుపుతాడు. వాడి నోటినుంచి కథ సేఠ్‌జీ చెవికి చేరింది. హోలీ వెళ్ళిన నాలుగో రోజున కబురొచ్చింది, కొలిమి వెలిగిస్తున్నారు, రమ్మని.

"తివారీకి కూడా ఇలాగే కబురెళ్ళుంటాది. ఎల్లి నిటారుగా కూసోండి. మంత్రం గింత్రం అనకండి" అంది పార్వతి.

"నేనెందుకంటాను?"

"ఎవులైనా అడిగితే నిజం సెప్పీయండి. నాకు ఉద్యోగం కావాల. మహిమలొద్దు."

ఈ మాటలు అంటూ ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. నాలుగు నెలల కుట్టుపనికి ఆవిడ వేలి కొసలు గరుకుగా తయారయ్యాయి. నిజమే చెబుతానని మాటిచ్చి బయల్దేరాను.

ఆఫీసు గదిలో అడుగుపెట్టేసరికి సేఠ్‌జీ పరుపుమీదినుంచి లేచి నిలబడ్డాడు. నా కోసం ఆయన లేవడం అదే మొదలు. ఆయన లేవగానే వెనక గోడ కనిపించింది. గోడకి ఎర్ర రంగు వేసిన పెద్ద చెక్కపలక. దాని మీద పసుపుపచ్చ అక్షరాలు. పలకకి బంతిపూల దండ. అవి మా గోడ మీది అక్షరాలే.

"నేనే కారులో మోవా వచ్చి చూశాను. నువ్వు నిద్రపోతున్నావని గేటు దగ్గరున్నవాళ్ళు అన్నారు, లేపవద్దన్నాను. సాధన చేసేవాళ్ళకి విశ్రాంతి కావాలి. పెయింటరుతో అక్షరం అక్షరం దింపించాను. చూసి చెప్పు, తప్పేమైనా ఉందా?"

నా ఉద్యోగం ఆ ప్రశ్నలోనే ఉంది. తివారీ ఓ మూల నిటారుగా నిలబడి ఉన్నాడు. నిజం చెబితే తివారీ కాటా మీదికి, నేను ఇంటికి, పార్వతి మళ్ళీ సూదికి. చెప్పకపోతే ఈ పలక సేఠ్‌జీ నెత్తిమీద ఉండిపోతుంది. నేను పలకని పైనుంచి కిందిదాకా చూశాను. ఆ క్షణంలో నేను చేసిన పనిని మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

"ఇక్కడ ఒక వత్తు పోయింది, సేఠ్‌జీ" అన్నాను.

తెలుగు రాని పెయింటరు 'బద్ధకపు'లో ద కింద వత్తు మర్చిపోయాడు. ఇంత ప్రమాదంలోనూ నాకు ఆ వత్తే కనిపించింది. చిన్నప్పుడు పలక మీద అచ్చులు దిద్దించిన మాస్టారు చూస్తే సంతోషించేవారు.

"చూశావా తివారీ, ఒక్క చుక్క తేడా వచ్చినా పట్టేశాడు. నిద్రపోతాడంటారే ఇతన్ని" అని సేఠ్‌జీ కుంచె తెప్పించాడు. నేను పరుపెక్కి, నా చేత్తో, ఆ వత్తు పెట్టాను. ఆయన్ని తిట్టిన తిట్టులో అక్షరదోషం లేకుండా చేసి కిందికి దిగాను. తివారీని గోడౌను లెక్కలకి మార్చారు. కాటా నాకిచ్చారు.

"నిజం సెప్పినారా?" అంది ఆ సాయంత్రం పార్వతి.

"ఉద్యోగం వచ్చింది" అన్నాను.

ఆవిడ రెండోసారి అడగలేదు. కుట్టుపెట్టె మాత్రం అటక ఎక్కించకుండా కిటికీ దగ్గరే ఉంచింది.

మిల్లు బ్రహ్మాండంగా నడిచింది. నా గ్రహచారం. నడవకపోతే పలక ఎప్పుడో కొలిమిలోకి పోయేది. సేఠ్‌జీ రోజూ పొద్దున్నే పలక ఎదుట అగరుబత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టి, దాని కింద పరుపు మీద కూర్చునేవాడు. వచ్చిన వ్యాపారులూ దణ్ణం పెట్టేవాళ్ళు. చీటీలు ఇవ్వడానికి నేను లోపలికి వెళ్ళినప్పుడల్లా నేల చూపులు చూసేవాణ్ణి. అది నా వినయం అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

దసరా ముందు ఒక రోజు లోపలికి పిలుపొచ్చింది. చీటీలు తీసుకుని వెళ్ళాను. సేఠ్‌జీ ఎదుట ఒక పెద్దాయన కూర్చున్నాడు, తెల్ల పంచె, భుజాన కండువా. గాజువాకలో ఇనుము వ్యాపారం చేసే నాయుడుగారట, చువ్వల బేరానికి మొదటిసారి స్వయంగా వచ్చారట. సేఠ్‌జీ మొహం వెలిగిపోతోంది.

"రా రావ్, మీవాళ్ళే. నాయుడుగారూ, ఇది మీ భాషలోని మంత్రం. మా మిల్లుని నిలబెట్టింది ఇదే. మీ నోటితో ఒకసారి సరిగ్గా చదివితే విని తరిస్తాను."

నాయుడుగారు జేబులోంచి కళ్ళజోడు తీశారు. ఆయన దాన్ని కండువాతో తుడిచినంతసేపూ నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. తరవాత పలకని వదిలి నన్ను చూశారు.

"ఎవరు బాబూ రాసింది?" అన్నారు తెలుగులో, చాలా నెమ్మదిగా.

"నేనేనండి."

"ఎవర్ని గురించి?"

"నన్ను గురించేనండి."

"మరి ఈయన నెత్తిమీదెందుకెట్టావు?"

"నేను పెట్టలేదండి. ఆయనే పెట్టుకున్నారు. నేను వత్తు మాత్రం పెట్టానండి."

నాయుడుగారి భుజాలు ఒకసారి ఎగిరి పడ్డాయి. కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు దగ్గారు.

"ఏమంటున్నాడు? అర్థం మీరు చెప్పండి. రావ్ ఎప్పుడడిగినా మంత్రానికి అర్థం చెప్పకూడదంటాడు" అన్నాడు సేఠ్‌జీ.

"చెప్పేదా బాబూ?" అన్నారు నాయుడుగారు నాతో. "అబద్ధం చెప్పొచ్చు. కానీ రేపు ఇంకో తెలుగోడొస్తాడు. ఆడు నాలాగ నెమ్మదిగా చెప్పడు."

కూరగాయలబ్బి మాట, పార్వతి వేలి కొసలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆరు నెలలుగా లోపల పెట్టుకున్న భయం ఇక చాలనిపించింది.

"నేనే చెబుతానండి" అన్నాను.

జీవితంలో మొదటిసారి మధ్యాహ్నం రెండు గంటలకి పూర్తిగా మెలకువతో ఉండి, సేఠ్‌జీకి హిందీలో ఒక్కొక్క మాటే చెప్పాను. 'ఆలసీ గధే' దగ్గర ఆయన కనుబొమలు లేచాయి. 'కూర్చుని తిన్నది చాలు' దగ్గర ఆయన చెయ్యి పక్కనున్న బాలీసు మీదినుంచి జారింది. ఇది నాకు నేను రాసుకున్నదేనని, గేదె దగ్గర మొదలైందని, భయపడి చెప్పలేదని అన్నీ చెప్పేశాను.

సేఠ్‌జీ తల వెనక్కి తిప్పి పలకని చూశాడు.

"ఆరు నెలలు" అన్నాడు. "ఆరు నెలలు దీనికి నేను అగరుబత్తి వెలిగించాను."

"అవును, సేఠ్‌జీ."

"మా ఆవిడ చేత హారతి ఇప్పించాను."

అది నాకు తెలీదు. తలవంచుకున్నాను.

"నా ఉద్యోగం తివారీకి ఇచ్చేయండి" అన్నాను.

సేఠ్‌జీ ఒక నిమిషం ఆలోచించాడు. వ్యాపారస్థుడు కోపంలో కూడా రెండువైపులా తూచి చూస్తాడు.

"తిట్టో మంత్రమో, ఇది వచ్చాక మిల్లు ఆగలేదు. తీసేసి ఆగిపోతే ఏ మొహం పెట్టుకోను? నువ్వూ వద్దు, పలకా వద్దు అనుకోవడానికి లేదు. ఉన్నచోటు తప్పు, అంతే."

సాయంత్రానికల్లా పలక ఆయన నెత్తిమీదినుంచి దిగి కాటా గదిలో నా కుర్చీ వెనక గోడ ఎక్కింది. అడుగున, అదే పెయింటరు చేత, ఈసారి ఒక్క తప్పు లేకుండా, హిందీలో అర్థం రాయించాడు. పక్కన అగరుబత్తి గూడు. రోజూ పొద్దున్న నా చేత్తోనే వెలిగించాలని హుకుం.

అలా ఎనిమిదేళ్ళు, లక్నో లారీలనుంచి నాగపూర్ లారీలదాకా, వచ్చిన ప్రతి డ్రైవరూ ముందు పలక చదివి, తరవాత నన్ను చూసి, 'ఇతనేనా' అని తన క్లీనర్ని అడిగి, చీటీ తీసుకుని పోయాడు. పలక కింద కూర్చుని నిద్రపోవడం ఎంత కష్టమో మీకు చెప్పినా అర్థం కాదు. రెప్ప వాలితే చాలు, కిటికీలోంచి ఎవరో ఒకరు భక్తిగా దాన్ని పైకి చదివేవాళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో నేను ఒక్క కునుకు తీయలేదు. చివరి పేజీలు లేని ఆ పుస్తకం చెప్పింది అక్షరాలా నిజమైంది, దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఉద్యోగం నిలిచిన సంగతి చెప్పిన రోజున పార్వతి మొత్తం కథ విని, నేలమీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తరవాతే కుట్టుపెట్టె అటక ఎక్కించింది. పక్కింటి గేదె మెడలో మాత్రం ఆ కాగితం అలాగే ఉంచింది సహోద్రాబాయి. నేను వెళ్ళి నిజం చెబితే, "అయితే ఏం? అది కూడా బద్ధకపుదే" అంది.

కాబట్టి, మీ అందరి సాక్షిగా నేను ఘనంగా ప్రమాణం చేస్తున్నాను. మొదలూ చివరా లేని పుస్తకం చేత్తో ముట్టను. బాగుపడాలని బుద్ధి పుడితే మనసులోనే పుట్టనిచ్చి, అక్కడే చల్లారనిస్తాను. నా సొంత తిట్టును, ఎవరెంత బతిమాలినా, ఎరువివ్వను. ఈ ప్రమాణం మరిచిపోకుండా గేటు పక్క గోడమీద పెద్ద అక్షరాలతో రాసుకుందామని మొన్న కుంచె కోసం వెతికాను. జాజు డబ్బా పార్వతి ఎక్కడ దాచిందో చెప్పడం లేదు.